ఏడు అడ్డబద్దలు

ఆరడుగుల జాగ గురించి రాస్తున్న. చార్మినార్ కాడికెల్లి దబీర్‌పురా పోయే తోవల ఒక పాత దేవిడీ ఉన్నది. నవాబుల నాటి మేడ. దాని బయటి గోడ కింద, ఫుట్‌పాత్ మీద, ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. ఆ జాగల ముందుగాల మా నాయనమ్మ కూసున్నది. ఆమె పోయినంక మా అమ్మ. అమ్మ చేతులు పడిపోయినంక మా చెల్లె. మేము మేదరోళ్లం. వెదురు చీరి బద్దలు చేసి చాటలు, గంపలు, తట్టలు అల్లుడు మా పని.

మా చెల్లెకు దుకాణం లేదు. బోర్డు లేదు. పెండ్లి గంపలు కావాల్సినోళ్లు, బోనాలకు తట్టలు కావాల్సినోళ్లు "దేవిడీ గోడ కాడి ఆమె" అని అడుక్కుంట వస్తరు. ఆమె పేరు వాళ్లెవ్వరికీ తెల్వదు. గోడే ఆమె పేరు. గోడ కాడ ఆమె లేకుంటె, వచ్చినోళ్లు అటు ఇటు చూసి, పక్క గల్లీల ప్లాస్టిక్ తట్టలు కొనుక్కొని పోతరు. ఒక్కసారి పోయినోళ్లు మళ్ల రారు. ఇంతే ముచ్చట. ఇంత చిన్న ముచ్చటను చదువుకున్న పెద్దమనుషులకు నేను మూడొద్దులు చెప్పిన. ఒక్కడికి గూడ అర్థం కాలే.

మొన్న చలికాలం పోయినంక ఆ దేవిడీల ఒక పండుగ పెట్టిండ్రు. మన కళలు, మన చేతిపనులు, మారుతున్న వాతావరణం, ఈ మూడింటి మీద. ఆటలు, పాటలు, స్టాళ్లు, ఉపన్యాసాలు. ఎవలు పెట్టిండ్రన్నది రాయను. రాస్తె వాళ్లకు అదొక పోస్టరైతది.

నేను బడికి పోలే. గాజుల డబ్బాలల్ల పెట్టే పాత పేపరు ముక్కలు ఏరుకొచ్చి తెలుగు నేర్చుకున్న. దుకాణాల బోర్డులు చూసి ఉర్దూ నేర్చుకున్న. ఒక్కొక్క అక్షరం ఎవల్నో ఒకల్ని అడిగి, తిట్లు తిని నేర్చుకున్న. అందుకే మా గల్లీకి ఏ కాగితం వచ్చినా నా కాడికే తెస్తరు. పండుగ కాగితం గూడ అట్లనే వచ్చింది. మెరిసే కాగితం. మొదటి పేజీ మీద ఒక గంప ఫోటో.

మా చెల్లె ఆ ఫోటోను ఎండలకు పట్టి చూసింది.

"అన్నా, ఇది నా గంపనే. ఈ అంచు కట్టు నాది. ఒక కట్టు లోపలికి, రెండు బయటికి. ఇంకెవలూ గిట్ల కట్టరు."

"ఎప్పుడు దింపిండ్రు ఫోటో?"

"దీపావళప్పుడు ఎవలో పోరి వచ్చింది. నా చాయ్ తాగింది. గంపను కిందమీద చేసి చూసింది. కొనలే."

అక్కడున్న ఆడోళ్లంత నవ్విండ్రు. ఆ గోడ కింద చెల్లెతోని పాటు ఇంకో నలుగురు కూసుంటరు. నేను కాగితం మొత్తం చదివి వినిపిచ్చిన. "నేల తల్లి ఒడిలో పుట్టిన చేతులకు వందనం" అని ఉన్నది లోపల. "వందనం అంటె ఏంది బావా?" అని ఒకామె అడిగింది. "దండం పెడుతున్నరు నీకు" అన్న. "పెట్టి?" అన్నది. ఆ "పెట్టి?"కి జవాబు మూడొద్దులల్ల తెలిసింది.

పండుగకు ఇంకా నాలుగొద్దులు ఉందనంగ ఒక మేనేజరు వచ్చిండు. ముప్పై ఏండ్లుంటయి. నడుముకు వాకీటాకీ, మెడల తాడుకు కార్డు. ఇద్దరు గార్డులను వెంట తెచ్చుకున్నడు. మాటల మర్యాద మస్తుగ ఉన్నది. మర్యాదకు తక్కువ చేసిండని నేను అనను.

"అమ్మా, పండుగ మూడు రోజులే. గోడకు బొమ్మలు వేస్తున్నం. చీఫ్ గెస్ట్ వస్తున్నరు. కొంచెం నీట్‌గ కనపడాలె."

"నేను మురికిగున్ననా బిడ్డా?"

"అయ్యో, అట్ల కాదమ్మా. లోపల మీకే స్టాల్ ఇస్తున్నం కదా."

"లోపలికి రావాలంటె పాసు కావాలెనంట."

"మీకు పాసు అక్కర్లేదమ్మా. మీరు ఆర్టిస్టులు."

"పాసు నాకు గాదు బిడ్డా. కొనేటోళ్లకు."

ఆయన నవ్విండు. నవ్వుతనే ఉన్నడు, గార్డులు గంపలు ఎత్తి రోడ్డు అవతల పెట్టుడు మొదలువెట్టిండ్రు. నేను అడ్డం పోయిన. "మూడొద్దులైనంక ఈ జాగ వీళ్లకు ఉంటదా?" అని అడిగిన. "పక్కా అంకుల్. హండ్రెడ్ పర్సెంట్" అన్నడు. రోడ్డు అవతల గాజుల దుకాణమాయన మా చిన్నప్పటి దోస్తు. "దుకాన్ ఖుల్నే తక్ బైఠో ఆపా, ఫికర్ నక్కో" అని, దుకాణం తెరిచేదాక కూసొమ్మని తన షట్టరు ముందు జాగ ఇచ్చిండు. షట్టరు లేస్తె వీళ్లు గూడ లేవాలె. అక్కడ నీళ్లు గూడ లేవు.

నీళ్ల మాట ఎందుకంటున్ననో చెప్పాలె. దేవిడీ గోడకు ఒక పైపు ఉన్నది. ఎన్నేండ్ల సంది కారుతుందో ఎవలికీ తెల్వదు. ఆ కారే నీళ్లతోనే మా ఆడోళ్లు బద్దలు తడుపుకుంటరు. మా బాపు ఉన్నప్పుడు వెదురు బొంగుల కట్టలు మూసీల నానేసేటోడు. రాయి కట్టి ముంచి, మూడొద్దులకు తీస్తె బద్ద తోలు లెక్క వంగేది. పొద్దుగాల తీసిన బద్ద పగటి దాకా మెత్తగనే ఉండేది. ఇప్పుడు మూసీల బొంగు ముంచితె నల్లగ కములుతది. ఆ వాసన గంపకు పట్టుకుంటది. ఆ గంపల పూలు పెట్టుకొని దేవుని కాడికి ఎవలు పోతరు? అందుకే ఇంటి ముందట ప్లాస్టిక్ డ్రమ్ములల్ల నానేస్తున్నం. అవునయ్యా, ప్లాస్టిక్ డ్రమ్ములల్లనే. గోడ కాడ నీడకు వేపచెట్టు ఉండె, రోడ్డు పెద్దగ చేసేటప్పుడు కొట్టేసిండ్రు. ఇప్పటి ఎండకు డ్రమ్ములకెల్లి తీసిన బద్ద గంటల ఎండి పుటుక్కున ఇరుగుతది. ఇరిగినప్పుడల్ల చెల్లె చేతిల ఒక పుల్ల దిగుతది. వాతావరణం మారిందని నాకు ఎవలూ తెరమీద చూపియ్యక్కర్లేదు. ఆమె అరచెయ్యి చూస్తె చాలు.

గోడ ఖాళీ అయినంక బొమ్మలు గీసే ఆమె వచ్చింది. ఇరవై ఇరవై రెండేండ్ల పిల్ల. నిచ్చెన ఏసుకొని, చెవులల్ల వైర్లు పెట్టుకొని, రెండొద్దులల్ల బొమ్మ గీసింది. ఏం బొమ్మ అంటరు? గంప అల్లుతున్న ఆడామె. పచ్చ చీర, పెద్ద బొట్టు, కాళ్ల ముందర బొంగు. సరిగ్గ మా చెల్లె కూసునే కాడ, ఆమె కూసున్నంత ఎత్తుల, గోడ మీద.

నాకు నెత్తి తిరిగింది. బతికున్న మనిషిని లేపి, ఆ జాగలనే ఆమె బొమ్మను కూసోబెడుతరా? తిట్టుదామని రోడ్డు దాటిన. అప్పటికే మా చెల్లె అక్కడ నిలబడి ఉన్నది. బొమ్మ చేతిల కత్తిని చూస్తున్నది.

"బిడ్డా, ఆ కత్తి గట్ల పడితె బొటనవేలు పోతది" అన్నది.

పిల్ల చెవులల్ల వైర్లు తీసింది. "ఏందాంటీ?"

"కత్తి కదలొద్దు. కత్తిని కాలి కింద తొక్కిపట్టాలె, బొంగును దాని మీదికి గుంజాలె. నువ్వు బొంగును పట్టుకొని కత్తిని నీ దిక్కు గుంజుతున్నవు. నీ పానం తీసుకుంటవు."

ఆ పిల్ల నిచ్చెన దిగి వచ్చింది. "చూపించుండ్రి" అని కింద కూసున్నది. మా చెల్లె కొంగులకెల్లి కత్తి తీసి, కాలు కింద పెట్టి, ఒక బొంగు చీరి చూపిచ్చింది. పిల్ల ఫోన్ల ఫోటో తీసుకున్నది. మళ్ల నిచ్చెనెక్కి చెయ్యి తుడిపేసి కొత్తగ గీసింది. మొత్తం ఆ పండుగల మా మాట విని, చేసిన తప్పు దిద్దుకున్న మనిషి ఆ పిల్ల ఒక్కతే. అందుకే ఆమె మీద నాకు కోపం లేదు. తక్కినోళ్ల మీద మాత్రం అంతకు అంత ఎక్కువైంది. బొమ్మకు కత్తి పట్టుడు నేర్పింది మా చెల్లె. జాగ బొమ్మకు దొరికింది.

తెల్లారి మేనేజరు మా ఇంటికి వచ్చిండు. నేను చాయ్ తాగుతున్న. గల్లీ గోడకు ఆనిచ్చి ఉన్న బొంగులను చూసుకుంట నిలబడ్డడు.

"అంకుల్, అర్జెంటుగ సామాన్ కావాలె. రెండు పచ్చి బొంగులు, తొమ్మిది అడుగులవి. ఏడు అడ్డబద్దలు. కొత్త తాడు."

చాయ్ గిలాస కింద పెట్టిన. లేచి నిలబడ్డ. మా ఇండ్లల్ల ఆ సామాన్ అడుగంగనే ఎవలైనా లేచి నిలబడుతరు. గొంతు తగ్గించి అడిగిన: "ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"పోవుడు కాదంకుల్, వస్తున్నరు! చీఫ్ గెస్ట్."

ముందుగాల నాకు అర్థం కాలే. ఫోన్ తీసి చూపిచ్చిండు. రెండు పొడుగు బొంగులు, వాటి మీద ఏడు అడ్డబద్దలు, చుట్టూ బంతిపూల దండలు. నలుగురు భుజాల మీద మోసుకొస్తరట. పైన చీఫ్ గెస్టు చేతులు జోడించి కూసుంటడట. ముందట డప్పులు. "ట్రెడిషనల్ వెదురు పల్లకీ అంకుల్. మా డిజైనర్ చేసిండు. ప్యూర్ ఎకో ఫ్రెండ్లీ."

పాడె. అక్షరం పొల్లుపోకుండ పాడె. ఏ మేదరోడైనా కండ్లు మూసుకొని చెప్తడు. పల్లకీకి ఏడు బద్దలు ఎయ్యరు, పాడెకే ఏస్తరు. మోసేటందుకు పచ్చిబొంగు దానికే కొడుతరు.

నేను ఒక్క మాట అనలే. నా మనసుల ఏమున్నదో దాచుకోను, రాస్తున్న. మొన్న నా చెల్లెను లేపిండ్రు. ఇయ్యాల మీ పెద్దమనిషిని పాడె మీద ఎక్కిచ్చి డప్పులతోని ఊరేగిచ్చుకుంటమంటున్నరు. కానియ్యుండ్రి. పాతబస్తీల చూసినోళ్లందరు మూతి మూసుకొని నవ్వుతరు. ఏండ్లకు ఏండ్లు చెప్పుకుంటరు. గట్ల అనుకున్న. రెండు పచ్చి బొంగులు కొట్టి, ఏడు బద్దలు చీరి, ఎడమ చేతితోని తీసి ఇచ్చిన. పాడె సామాన్ ఎడమ చేతితోనే ఇస్తం. తీస్కపోయేటోళ్లను "మళ్ల రాండ్రి" అనం. నేను అనలే. బండెక్కుకుంట ఆయనే అన్నడు:

"థ్యాంక్యూ అంకుల్! నెక్స్ట్ ఇయర్ గూడ మీ కాడికే వస్తం!"

సంతోషం పట్టలేక చెల్లె కాడికి పోయి చెప్పిన. నవ్వుతదనుకున్న. బద్ద పక్కన పడేసింది.

"ఎందుకిచ్చినవ్?"

"అడిగిండు, ఇచ్చిన."

"పాణమున్న మనిషిని పాడె మీద పండవెడుతరని తెలిసి ఇచ్చినవా? బాపు ఉంటె నీ చెంప పగలగొట్టేటోడు."

"పండడు, కూసుంటడు."

"నవ్వకు అన్నా. ఎక్కెటోడు మంచోడా చెడ్డోడా నాకెందుకు? వాని ఇంట్ల గూడ ఒక చెల్లె ఉంటది. నీ చేతితోని కొట్టిన బొంగు అది. పో. పోయి చెప్పు."

"నిన్ను లేపినోళ్లకు మేలు చేయాల్నా?"

"వాళ్లకు గాదు. పనికి. పని తప్పు చేయొద్దు."

డెబ్బై దాటిన ముసలోడిని, చదివిన పుస్తకాలు గంపలకు గంపలున్నయి. చెల్లెకు సంతకం రాదు. అయినా ఆమె ముందట నాకు తల వంగింది. కోపం మాత్రం తగ్గలే.

తెల్లారి పండుగ. మేనేజరును పట్టుకుందామని పొద్దుగాలనే పోయిన. దేవిడీ గేటు కాడ "ప్లాస్టిక్ వద్దు, ప్రకృతి ముద్దు" అని ఒక పెద్ద ఫ్లెక్సీ. రెండు మంచాలంత ఉన్నది. గేటు కాడి పిల్లలు నా మెడల ఒక కార్డు ఏసిండ్రు. మేనేజరు ఏడని అడిగితె "కూసోండి తాతా, మీకు సన్మానం ఉంది" అని ముందు వరుసల కూసోబెట్టిండ్రు. లేస్తె మళ్ల కూసోబెట్టిండ్రు.

పక్కన స్టాళ్లల్ల మా చాటలు గోడకు తలకిందులుగ వేలాడదీసిండ్రు. చాట మీద పూలు, నెమళ్లు గీసిండ్రు. కింద చీటీ: "గోడ అలంకరణ." బియ్యం చెరగని చాట చాటెట్లైతది? ముప్పావు గంట దాన్నే చూసుకుంట కూసున్న. ఆ చాట అల్లింది గోడకాడి ఆమే, మా చెల్లె. తన చాట ఏ పనికిరాకుండ పోయిందని ఆమెకు ఎట్ల చెప్పాలె?

తర్వాత ఒకాయన తెరమీద గీతలు చూపిచ్చుకుంట మాట్లాడిండు. ఎండలు ఎట్ల పెరిగినయో, మూసీ ఎట్ల చెడిందో చెప్పిండు. ఆయన చెప్పిందాంట్ల అబద్ధం లేదు. చివరికి వెదురు పచ్చ బంగారమన్నడు, చప్పట్లు కొట్టిండ్రు. ఆ బంగారం పని చేసేటోళ్లు రోడ్డు అవతల షట్టరు ముందట నీళ్లు లేక కూసున్నరని ఆయనకు ఎవలూ చెప్పలే. గోడ దాటి నాలుగు అడుగులు ఏస్తె ఆయనకే కనపడేది.

అప్పుడు నన్ను పిలిచిండ్రు. శాలువా కప్పిండ్రు. చేతిల ఒక అద్దం లాంటి ప్లాస్టిక్ బిళ్ల పెట్టిండ్రు. మైకుల ఒకామె తియ్యటి గొంతుతోని అన్నది: "అంతరించిపోతున్న మేదరి కళకు మిగిలిన ఆఖరి వారసుడు."

ఆఖరి. నేను ఆఖరా? గోడ అవతల ఐదుగురు ఉన్నరు. నా చెయ్యి వణుకుతది కాబట్టి నేను ఐదేండ్ల సంది బద్ద గూడ చీరలే. చీరింది నిన్న ఆ ఏడు బద్దలే. మైకు గుంజుకున్న.

"అంతరిచ్చుడంటె ఏందమ్మా? చెరువు అంతరిచ్చిందంటరు. చెరువు తనంతట తాను పోయిందా? ఎవలో పూడ్చిండ్రు. మేము గూడ అంతరిచ్చలే. మమ్మల్ని నాలుగొద్దుల కిందట గార్డులు వచ్చి లేపిండ్రు. మేము రోడ్డు అవతల ఉన్నం. వచ్చి చూడుండ్రి."

మైకు ఆగిపోయింది. ఎవలో వైరు గుంజిండ్రు. ముందు వరుసల కొంతమంది చప్పట్లు కొట్టిండ్రు. నేనన్నది గూడ పండుగల భాగమే అనుకున్నరు కావొచ్చు. ఒకామె నాతోని ఫోటో దిగింది.

స్టేజీ దిగి గేటు దిక్కు పోతె అక్కడ ఉన్నది పాడె. బంతిపూలు చుట్టి, తళతళ మెరుస్తున్నది. పక్కన నలుగురు డప్పులోళ్లు మొకాలు వేలాడేసుకొని నిలబడ్డరు. వాళ్ల పెద్దమనిషి నన్ను చూసి దగ్గరికి వచ్చిండు.

"అన్నా, నువ్వు మేదరాయనవు గదా. గిదేంది?"

"కనపడుతలేదా?"

"కనపడుతున్నది కాబట్టే అడుగుతున్న. ఏ దెబ్బ కొట్టాలె మేము? పండుగ దెబ్బనా, చావు దెబ్బనా? దీన్ని చూస్తుంటె చేతులు వాటంతట అవే చావు దెబ్బకు పోతున్నయి."

నాకు నవ్వొచ్చింది. మేనేజరును చెయ్యి పట్టి పక్కకు గుంజుకొచ్చిన.

"బిడ్డా, నువ్వు ఎప్పుడన్న చావుకు పోయినవా?"

"పోయిన అంకుల్. మా అపార్ట్‌మెంట్ల అయితె ఫ్రీజర్ బాక్స్ వస్తది. తర్వాత వ్యాన్ వస్తది."

"వ్యాను రాక ముందు మనుషులు దేని మీద పోయేటోళ్లు?"

ఆయన నా మొకం చూసిండు. ఆ తర్వాత బొంగుల దిక్కు చూసిండు. బంతిపూల దిక్కు, డప్పుల దిక్కు, భుజం మీద తువ్వాల ఏసుకొని తయారుగ ఉన్న నలుగురి దిక్కు చూసిండు. మొకంల రక్తం దిగిపోవుడు నేను చూసిన.

"అంకుల్, ప్లీజ్. ఎవ్వలికీ చెప్పకుండ్రి. మా జాబ్ పోతది. సారు పది నిమిషాలల్ల వస్తున్నరు."

"నేను చెప్పకుంటె ఏమైతది? డప్పులోళ్లకు ఎప్పుడో తెలుసు. అడుగుతె మొత్తం గల్లీ చెప్పేది. నువ్వే అడగలే."

"ఏం చేయాలె చెప్పుండ్రి. ఏదంటె అది చేస్త."

ఏదంటె అది. అప్పుడు నాకు చెల్లె జాగ మతికి వచ్చింది. అబద్ధమెందుకు, అంతసేపు అదే మతికున్నది. "కాగితం మీద రాయి" అన్న. "పండుగైనంక మా ఆడోళ్లు గోడ కింద మళ్ల కూసుంటరని. ముద్ర ఎయ్యి." ఆయన పండుగ పేరున్న కాగితం తెచ్చి గబగబ రాసిండు. నేను కండ్లద్దాలు పెట్టుకొని చదివిన. "తిరిగి కూర్చునే విధంగా ప్రయత్నిస్తాము" అని ఉన్నది.

"ప్రయత్నం తీసెయ్యి."

"అంకుల్, సారు కారు దిగుతున్నరు!"

"ప్రయత్నం తీసెయ్యి. 'కూర్చుంటారు' అని రాయి. నేను బడికి పోలే గాని ఈ రెండింటికి తేడా తెల్వనంత గుడ్డోన్ని కాదు."

కొట్టేసి రాసిండు. ముద్ర ఏసిండు. నేను ముడులు ఇప్పిన. ఎడమ చేతితోని. అప్పటికే గేటు కాడ చీఫ్ గెస్టు అటు ఇటు చూస్తున్నడు. పల్లకీ ఏడని ఎవలో అడిగిండ్రు. "కాళ్లున్నయి గదా, నడిచి రమ్మనుండ్రి" అన్న. నడిచే వచ్చిండు. డప్పులు పండుగ దెబ్బ కొట్టినయి. తానెక్కాల్సింది ఏందో ఆయనకు ఈనాటికీ తెల్వదు.

మూడొద్దులు అయిపోయినయి. నాలుగో పొద్దున మా చెల్లె గంప నెత్తికెత్తుకొని, కత్తి కొంగుల చెక్కుకొని రోడ్డు దాటింది. నేను కాగితం జేబుల పెట్టుకొని వెనుక పోయిన. గోడ కాడ ఆగిపోయింది.

బొమ్మ ముందట కంచె కట్టిండ్రు. మట్టి కుండీలల్ల చెట్లు పెట్టి, వాటి ముందట వెదురు కంచె. రెండు పొడుగు పచ్చి బొంగులు. వాటికి ఏడు అడ్డబద్దలు. పండుగల మిగిలిన సామాన్ ఊకె పోవద్దని ఎవలో తెలివిగల్లోళ్లు మళ్ల వాడుకున్నరు. ఎకో ఫ్రెండ్లీ.

మా చెల్లె దాన్ని దాటదు. ఇరిగిన కుండను దాటమంటె దాటుతది, కుక్కను దాటమంటె దాటుతది. పాడె బొంగును దాటదు. మా ఇండ్లల్ల ఆడోళ్లెవలూ దాటరు. గంప నెత్తి మీద పెట్టుకొని అట్లనే నిలబడ్డది. ఇంత కోపం నాకు నా బతుకుల ఎన్నడూ రాలే. జాగ గుంజుకున్నోళ్లకు, ఆ జాగ చుట్టు ఏం కట్టిండ్రో గూడ తెల్వదు. తెలిసి చేస్తె పగ అనుకుందుము. తెల్వకుండ, నవ్వుకుంట, మర్యాదగ మా నోట్ల మట్టి కొట్టిండ్రు. దాంట్ల నా చెయ్యి గూడ ఉన్నది. ఆ బొంగులు నేనే కొట్టిన. ఆ పొద్దు నవ్వుకుంట ఇచ్చిన. ముడులు ఇప్పినప్పుడు ఆడ్నే పడేసి రాకుండ తీస్కపోవాల్సి ఉండె. కాగితం దొరికిందని మురిసి మర్చిపోయిన.

ముడులు నేనే ఇప్పిన మళ్ల. గార్డు వచ్చిండు. "ఏయ్ తాతా, గది గవర్నమెంట్ ప్రాపర్టీ!" "కాదు బిడ్డా, ఇది పాడె. పట్టుకుంటవా?" అన్న. రెండడుగులు వెనక్కి ఏసిండు. వాడు మా దిక్కు పిలగాడే, వానికి తెలుసు. రెండు బొంగులు, ఏడు బద్దలు ఆటోల అడ్డం పెట్టుకొని పురానాపూల్ దిక్కు శ్మశానం కాడికి తీస్కపోయిన. ఆటోడు "ఎవలు తాతా?" అని గొంతు తగ్గించి అడిగిండు. "ఎవలూ లేరు, నడుపు" అన్న. అక్కడ కాలేదాక నిలబడ్డ. పచ్చిబొంగు కాలుతుంటె గణుపు గణుపుకు పేలుతది. తొమ్మిదడుగుల బొంగుకు ఎన్ని గణుపులుంటయో అన్ని సార్లు పేలింది. ఒక్కొక్కదానికి నేను ఒక్కొక్కరిని తిట్టిన.

నేను వచ్చేసరికి చెల్లె తన జాగల కూసొని ఉన్నది. తక్కిన నలుగురు కుండీలు జరుపుకొని అటు ఇటు కూసున్నరు. పైపు కారుతనే ఉన్నది. "ప్లాస్టిక్ వద్దు" ఫ్లెక్సీని ఎండకు పైన కట్టుకున్నరు. గార్డులు పారేస్తె ఏరుకున్నరట. వేపచెట్టు పోయినంక ఆ గోడ కింద పడ్డ మొదటి నీడ అదే.

వార్డు ఆఫీసు ఆయన వచ్చి నా కాగితం చూసిండు. "ఇది రాసిచ్చినోళ్లెవరు? ఫుట్‌పాత్ వాళ్లదా?" అన్నడు. "కాదు" అన్న. "మరి మీకిచ్చెటందుకు వాళ్లెవరు?" "మా కాడికెల్లి గుంజుకునేటందుకు వాళ్లెవరు?" అన్న. ఆయన చూద్దామన్నడు, వచ్చే వారం మళ్ల వస్తనన్నడు. మళ్ల వస్తడు, నాకు తెలుసు. కాగితానికి ప్లాస్టిక్ తొడుగు చేయిచ్చి పెట్టుకున్న. రోజూ పొద్దుగాల నేను గూడ పోయి చెల్లె పక్కన స్టూలు ఏసుకొని కూసుంటున్న. కొట్లాట వస్తె ముందుగాల నాతోని రావాలె.

బొమ్మ కాడ ఫోటోలు దిగెటందుకు ఇంకా జనం వస్తనే ఉన్నరు. నిన్న ఇద్దరు పోరీలు స్కూటీ ఆపి దిగిండ్రు. గోడ మీద పచ్చ చీర ఆమె, కాలి కింద కత్తి తొక్కిపట్టి, బొంగు గుంజుతున్నది. దాని కింద మా చెల్లె కాలి కింద కత్తి తొక్కిపట్టి, బొంగు గుంజుతున్నది. ఒక పోరి ఫోన్ పైకెత్తి, అటు వంగి, ఇటు వంగి, చివరికి అన్నది:

"ఆంటీ, కొంచెం పక్కకు జరుగుతరా? బొమ్మకు అడ్డం వస్తున్నరు."

మా చెల్లె తలెత్తలే. బద్ద చీరుడు ఆపలే.

"బొమ్మను జరుగుమను" అన్నది.